వృత్తి వ్యాధుల నమోదు, నివారణ: సిరిసిల్ల, జగిత్యాల ప్రాంత చరిత్ర

పని వల్ల వచ్చే జబ్బులు, గాయాలు, మరణాలను గుర్తించి లెక్కకట్టడం, వాటికి మూలమైన దుమ్మునో చప్పుడునో విషాన్నో పనిచోటనే తగ్గించడం ప్రజారోగ్యంలో ఒక శాఖ. సిరిసిల్ల, బోయినపల్లి, కోరుట్ల, జగిత్యాల 2016 దాకా ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో ఉండేవి. ఈ ప్రాంతంలో ఆ శాఖ చరిత్ర ముఖ్యంగా మరమగ్గం, బీడీ, గల్ఫ్ వలసల చుట్టూ నడిచింది. ఈ పనులు చేసేవాళ్లలో చాలామంది ఫ్యాక్టరీ గేటు లోపలివాళ్లు కారు. చట్టం మాత్రం ఆ గేటు దగ్గరే మొదలైంది.

ఇటలీ వైద్యుడు రామజ్జినీ 1700లో వృత్తుల వారీగా జబ్బులను వివరిస్తూ గ్రంథం రాశాడు. రోగిని ఏం పని చేస్తావని అడగాలని వైద్యులకు చెప్పినవాడు ఆయనే. నమోదును చట్టపరమైన బాధ్యతగా చేసింది బ్రిటన్. సీసం, భాస్వరం, ఆర్సెనిక్ విషప్రభావాలు, ఆంత్రాక్స్ కనబడితే వైద్యుడు ప్రభుత్వానికి తెలపాలని 1895లో నిర్దేశించింది. భారతదేశంలో 1923 నాటి కార్మిక పరిహార చట్టం కొన్ని వృత్తి వ్యాధులకు పరిహారం ఇచ్చింది. 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 88వ సెక్షన్ ప్రమాదాల సమాచారాన్ని, 89వ సెక్షన్ వ్యాధుల సమాచారాన్ని తప్పనిసరి చేశాయి. నోటిఫై చేయాల్సిన వ్యాధుల జాబితా సవరణలతో 29కి పెరిగింది. పక్కనే గోదావరిఖని బొగ్గు గనుల్లో 1952 గనుల చట్టం, 1955 నియమాల కింద కార్మికులకు నిర్ణీత కాలానికోసారి వైద్య పరీక్షలు జరుగుతూ వచ్చాయి. అదే నేల మీద మరమగ్గాల పనివారికి, బీడీల పనివారికి ఆ ఏర్పాటు లేకపోవడమే ఈ చరిత్రలో కొట్టొచ్చినట్టు కనిపించే తేడా.

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. మహారాష్ట్రలోని భీవండి వంటి చోట్ల పనిచేసిన నేత కుటుంబాల అనుభవంతో ఇక్కడి పరిశ్రమ పెరిగి, సుమారు 30 వేల సాంచాలకు చేరింది. నూలు ఇచ్చే యజమాని, కొద్ది సాంచాలతో షెడ్డు నడిపే ఆసామి, పన్నెండు గంటల డ్యూటీ చేసే కార్మికుడు, ఇలా పని మూడు అంచెలుగా సాగుతుంది. 1948 చట్టం ప్రకారం కరెంటుతో నడిచే చోట పదిమంది పనివాళ్లుంటేనే ఫ్యాక్టరీ కనుక, చిన్న షెడ్లు చట్టం బయటే ఉండిపోయాయి. అలాంటి చోట్లకూ చట్టాన్ని వర్తింపజేసే అధికారం 85వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. పత్తి దుమ్ముతో వచ్చే బిసినోసిస్, చప్పుడుతో వచ్చే చెవుడు రెండూ ఆ 29 వ్యాధుల్లో ఉన్నాయి. సెలవు తర్వాత మళ్లీ పనికెక్కిన రోజున ఛాతీ పట్టేయడం బిసినోసిస్ లక్షణం. సిరిసిల్లలో నేసేది ఎక్కువగా పాలిస్టర్ కాబట్టి ఇక్కడ చప్పుడే పెద్ద సమస్య. సాంచాల షెడ్డులో అది మామూలుగా 90 డెసిబెళ్లు దాటుతుంది. చెవుడు మెల్లగా వస్తుంది, నొప్పి ఉండదు. పరీక్ష చేసి చూస్తే తప్ప అది లెక్కకు రాదు. లెక్కకు వచ్చింది మరొకటి: 1990ల చివరి నుంచి అప్పులు, పని లేమి వల్ల జరిగిన నేత కార్మికుల ఆత్మహత్యలు. అవి వైద్య శాఖ పట్టికల్లోకి కాక పోలీసు రికార్డుల్లోకి, పత్రికల్లోకి ఎక్కాయి. వాటికి జవాబు కూడా పని రూపంలోనే వచ్చింది. 2017 నుంచి ప్రభుత్వం ఇచ్చిన బతుకమ్మ చీరల ఆర్డర్లను ఆ కోణంలోనూ చూడాలి.

బీడీ పని ప్రధానంగా ఆడవాళ్లది, ఇంటి అరుగు మీదిది. టేకేదారు (గుత్తేదారు) తూకం వేసి ఇచ్చిన తునికాకు, తంబాకులతో రోజంతా వంగి కూర్చుని చుడతారు. చర్మం గుండా నికోటిన్ ఒంట్లోకి దిగుతుంది, తంబాకు పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మెడ, నడుము పట్టేస్తాయి. బీడీ కట్ట మీద అచ్చయ్యే హెచ్చరిక తాగేవాడికే తప్ప చుట్టేవారికి కాదు. 1966 బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో చుట్టేవారినీ ఉద్యోగులుగా గుర్తించింది. ఆ కాలానికి అది పెద్ద అడుగే. 1976లో సెస్సుతో సంక్షేమ నిధి ఏర్పడి డిస్పెన్సరీలు, గుర్తింపు కార్డులు, క్షయ రోగులకు ఆసుపత్రి పడకల కేటాయింపు వచ్చాయి. 2017లో జీఎస్టీ రావడంతో ఆ సెస్సు రద్దయింది. తెలంగాణ ప్రభుత్వం 2015 నుంచి బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయల జీవనభృతి ఇచ్చి, 2019లో 2,016కి పెంచింది. దీనికి ఆధారం పీఎఫ్ ఖాతా. అందువల్ల ఎవరు బీడీలు చుడతారో ప్రభుత్వానికి తెలిసింది కానీ, వారికి ఏ జబ్బుందో తెలియలేదు.

గల్ఫ్‌కు పోయినవారి సంగతి మరీ కష్టం. ఎండలో పనిచేసి రాత్రి నిద్రలోనే పోయినవారి కాగితాల మీద తరచుగా ‘గుండె ఆగడం’, ‘సహజ మరణం’ అని ఉంటుంది. చాలాసార్లు శవపరీక్ష జరగదు. ఖతర్‌లోని నేపాలీ కార్మికుల మరణాలపై 2019లో వెలువడిన అధ్యయనం 2009–2017 మధ్య 571 గుండె సంబంధ మరణాలను పరిశీలించింది. ఎండ నుంచి కాపాడి ఉంటే వాటిలో 200 దాకా తప్పేవని అంచనా వేసింది. ఖతర్ 2021లో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా, ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఆరుబయట పనిని నిషేధించింది. తెలంగాణ ప్రభుత్వం 2024లో గల్ఫ్ మృతుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ప్రకటించింది. ఇది మరణం తర్వాతి సాయం. మరణ కారణాన్ని విచారించే ఏర్పాటు ఇందులో భాగం కాదు.

2020 నాటి వృత్తిపర భద్రత, ఆరోగ్య కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చి ఫ్యాక్టరీల, గనుల, బీడీ చట్టాల స్థానాన్ని తీసుకుంది. నిర్ణీత వర్గాల ఉద్యోగులకు యజమాని ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష చేయించాలని చెప్పింది. జాబితాలోని వ్యాధిని గుర్తించిన వైద్యుడు తెలియజేయాలన్న నియమం కొనసాగింది. కరెంటుతో నడిచే ఫ్యాక్టరీకి పదిమంది హద్దు మాత్రం ఇరవైకి పెరిగింది.