డెన్మార్కు వెళితే రాణుల దారిన

యూరపు యాత్ర అనగానే లండను, పారిసు, స్విట్జర్లాండు మంచుకొండలు. డెన్మార్కు వంతుకు వచ్చేది మహా అయితే కోపెన్‌హేగన్‌లో ఒక్క పూట. బస్సు దిగడం, సముద్రం ఒడ్డున రాతి మీద కూర్చున్న జలకన్య బొమ్మ పక్కన ఫోటో తీయించుకోవడం, మళ్ళీ బస్సెక్కడం. ఇప్పుడు మన పిల్లలు ఆ దేశాల్లో ఉద్యోగాలు చేస్తూ అమ్మనీ నాన్ననీ రమ్మంటున్నారు కదా, అలా వెళ్ళేవాళ్ళు ఆ చిన్న దేశానికి ఓ వారం రోజులు కేటాయించుకుంటే వెయ్యేళ్ళ చరిత్ర కళ్ళారా చూసి రావచ్చు. అయితే దానికో వరస ఉండాలి. వరస లేకుండా చూస్తే కోటలన్నీ ఒకేలా ఉంటాయి.

రాజుల వరస పెట్టుకుందామంటే అది మనకు లొంగేది కాదు. 1513 నుంచి 1972 దాకా ఒకరు క్రిస్టియన్, తరవాత ఫ్రెడరిక్, మళ్ళీ క్రిస్టియన్, మళ్ళీ ఫ్రెడరిక్! ఎవరు మూడోవాడో ఎవరు నాలుగోవాడో ఊరు దాటకముందే మరిచిపోతాం. అందుకే నా సలహా ఏమిటంటే ఆడవాళ్ళ కథ వెంట వెళ్ళండి. ఆ దేశం ఏ ఆడదాన్ని రాతి మీద ఎక్కించింది, ఏ ఆడదాన్ని ఇంట్లోంచి పంపేసింది అని చూసుకుంటూ వెళితే చరిత్ర అంతా దానంతటదే గుర్తుంటుంది.

ముందు ప్రయాణం సంగతులు. మే చివర నుంచి ఆగస్టు లోపల వెళ్ళాలి. జూన్‌లో రాత్రి పదింటిదాకా వెలుతురుంటుంది. డిసెంబరులో నాలుగు కాకుండానే చీకటి పడుతుంది. సోమవారం చాలా మ్యూజియములు మూసి ఉంటాయి కాబట్టి ఆ రోజు రైలు ప్రయాణానికి పెట్టుకోండి. కోపెన్‌హేగన్‌లో మకాం పెట్టి, ఒక్క రాత్రి మాత్రం జట్లండ్‌లోని వైలె అనే ఊళ్ళో ఉంటే చాలు. భోజనం ఖరీదు మన గుండెకు పట్టేటట్టు ఉంటుంది, అమ్మకపు పన్నే నూటికి 25. పచ్చళ్ళు, పొడులు పట్టుకెళ్ళండి గాని నెయ్యి, పాలకోవా మాత్రం పెట్టెలో పెట్టకండి. బయటి దేశాల నుంచి పాల వస్తువులు తేవడం అక్కడ నిషిద్ధం, విమానాశ్రయంలో తీసి పారేస్తారు. శాకాహారులకు రై రొట్టె, బంగాళాదుంప, జున్ను దొరుకుతాయి.

మొదటిరోజు కోపెన్‌హేగన్‌లో నేషనల్ మ్యూజియం. అన్నీ చూడబోతే కాళ్ళు పడిపోతాయి. తిన్నగా కంచుయుగం గదులకు పోయి ఎగ్‌ట్వెడ్ అమ్మాయిని చూడండి. 1921లో ఎగ్‌ట్వెడ్ ఊరి దగ్గర ఒక రైతు పొలంలోని మట్టిదిబ్బను తొలగిస్తుంటే ఓకు మాను తొలిచి చేసిన శవపేటిక బయటపడింది. ఆ చెట్టు కొట్టింది క్రీ.పూ. 1370 వేసవిలో అని లెక్క తేల్చారు. లోపల పదహారు, పద్ధెనిమిదేళ్ళ పిల్ల. ఎముకలు కరిగిపోయాయి కాని జుట్టు, పళ్ళు, గోళ్ళు, ఒంటిమీది బట్టలు నిలిచాయి. మోచేతుల దాకా ఉన్న ఉన్ని రవిక, ఉన్ని తాళ్ళు వేలాడే పొట్టి పావడా, నడుం మీద పెద్ద కంచు బిళ్ళ. కాళ్ళ దగ్గర గోధుమలు, తేనె, అడవి పళ్ళు వేసి పులియబెట్టిన పానీయం ఉన్న బెరడు డబ్బా. పేటిక అంచున ఎవరో పెట్టిన చిన్న పువ్వు. ఇంకా ఒక బట్టల మూటలో అయిదారేళ్ళ బిడ్డ కాలిన ఎముకలు. ఆమెకు బిడ్డ అయ్యే వయసు కాదు మరి. తమ్ముడో చెల్లెలో ఎవరో. ఆ పిల్ల ఎక్కడో దక్షిణాన జర్మనీ అడవుల నుంచి వచ్చిందని 2015లో కొందరు పరిశోధకులు చెప్పారు. కాదు, పొలాల్లో వేసే సున్నం వల్ల లెక్క తప్పింది, స్థానికురాలే అయి ఉండవచ్చునని 2019లో వేరేవారు వాదించారు. పుట్టిల్లు ఏదో తేలకపోయినా మూడువేల నాలుగువందల ఏళ్ళనాటి ఆ రవిక చేతులు చూస్తే మన పెట్టెలోని జాకెట్టు గుర్తు రాకమానదు.

మర్నాడు రైల్లో వైలె, అక్కణ్ణించి దగ్గర్లోనే యెల్లింగ్. ఇంగ్లీషు అక్షరాలు చూసి జెల్లింగ్ అనకండి, అక్కడివాళ్ళకు అర్థం కాదు. చిన్న ఊరు, తెల్లని చర్చి, రెండు పెద్ద మట్టిదిబ్బలు, వాటి మధ్య రెండు శిలాశాసనాలు. చిన్న శాసనం గోర్మ్ అనే రాజు తన భార్య తూరా జ్ఞాపకార్థం వేయించింది. దాంట్లో డెన్మార్కు పేరు చెక్కి ఉంది. దేశానికి అలంకారమనీ, దేశాన్ని ఉద్ధరించిందనీ ఆ మాటకు పండితులు రకరకాల అర్థాలు చెబుతారు. ఏమైతేనేం, ఆ గడ్డ మీద ఆ దేశం పేరు మొట్టమొదట కనిపించేది ఒక భర్త భార్య కోసం పాతించిన రాతి మీద! రెండోది వాళ్ళ కొడుకు హరాల్డు క్రీ.శ. 965 ప్రాంతంలో వేయించాడు. అమ్మనూ నాన్ననూ తలుచుకుని, డెన్మార్కు అంతా గెలిచాననీ, జనాన్ని క్రైస్తవుల్ని చేశాననీ చెప్పుకున్నాడు. ఈ హరాల్డుకు నీలిపన్ను అని మారుపేరు. మన సెల్‌ఫోనుల్లోని బ్లూటూత్ అన్న పేరు ఆయనదే.

తూరా సంగతి అంతటితో అయిపోలేదు. యెల్లింగ్ పెద్ద రాయినీ, లేబోర్గ్ అనే మరో ఊళ్ళో తూరా పేరున్న రాయినీ పోల్చి, ఉలిగాట్ల తీరును కొలిచి, రెండూ ఒకే శిల్పి చేతివని 2023లో పరిశోధకులు ప్రకటించారు. ఆ లెక్కన ఆమె పేరు నాలుగు శాసనాల మీద ఉన్నట్టు. ఆ కాలపు డెన్మార్కులో ఏ రాజుకూ అన్ని రాళ్ళు లేవు. ఇన్నాళ్ళూ పాఠాల్లో గోర్మ్ భార్య, హరాల్డు తల్లి అని ఊరుకున్నారు. ఇప్పుడు ఆమెకు సొంత అధికారం, సొంత భూములు ఉండి ఉంటాయంటున్నారు.

తిరుగు రైలు ఓడెన్స్ మీదుగా వస్తుంది కాబట్టి కాలక్రమం తప్పినా సరే, అక్కడ ఒక పూట దిగండి. పిల్లల కథల ఆండర్సన్ పుట్టిన ఊరు. 1805లో చెప్పులు కుట్టేవాని ఇంట పుట్టాడు. ఆయన పేరిట 2021లో కట్టిన కొత్త మ్యూజియం చూసి, చిన్నప్పటి ఇంటికి కూడా వెళ్ళండి. ఎంతో చిన్న ఇల్లు. తల్లి ఊళ్ళోవాళ్ళ బట్టలు ఉతికి బతికింది. చలి నీళ్ళలో మోకాళ్ళ లోతున నిలబడి ఉతికే పని; ఆ చలికి ఓర్చుకోవడానికి సారా పుచ్చుకునేవారు, ఆమెకూ అది అలవాటయింది. 1833లో ఆమె పోయేనాటికి కొడుకు ఇటలీలో ఉన్నాడు. ఎందుకూ పనికిరానిదని ఊరంతా చీదరించుకున్న ఒక చాకలి ఇల్లాలి మీద ఆయన తరవాత ఒక కథ రాశాడు. అది పిల్లల కథ కాదు, మనం చదవవలసిన కథ.

మళ్ళీ కోపెన్‌హేగన్ చేరాక ఒక రోజంతా రోస్కిల్డెకు ఉంచండి. రైల్లో అరగంట కూడా పట్టదు. ఈ ఊళ్ళో రెండు చూడాలి. ఒకటి ఓడల మ్యూజియం. శత్రువులు రాకుండా సముద్రపు పాయకు అడ్డంగా వెయ్యేళ్ళ కిందట రాళ్ళు నింపి ముంచేసిన అయిదు ఓడల్ని 1962లో పైకి తీశారు. వెళ్ళబోయే ముందు ఏ భాగం తెరిచి ఉందో కనుక్కోండి. అక్కడ అందరూ ఓడ కర్రనే చూస్తారు. మీరు తెరచాప సంగతి అడగండి. ఆ తెరచాపలు ఉన్నివి. గొర్రె బొచ్చు ఏరి, కదురు మీద వడికి, నేసి, ఒక్క తెరచాప తయారుచేయడానికి ఓడ కట్టేదానికన్న ఎక్కువ పని పట్టేదట. ఆ పని ఆడవాళ్ళది. వైకింగులు సముద్రాలు దాటారంటే ఇంట్లో కదుళ్ళు తిరిగాయన్నమాట.

రెండోది ఎర్ర ఇటుకల పెద్ద చర్చి. నలభై మంది దాకా రాజులూ రాణులూ ఇక్కడే ఉన్నారు. అందరికన్న ప్రధాన స్థానంలో, పూజాపీఠం వెనక పడుకున్న చలువరాతి బొమ్మ మొదటి మార్గరెట్‌ది.

ఆమె కథ కొంచెం నింపాదిగా చెప్పుకోవాలి. 1353లో పుట్టింది. పదో ఏట నార్వే రాజుకిచ్చి పెళ్ళి చేశారు. పదిహేడో ఏట, కడుపుతో ఉండగా, ఓస్లోలోని కోట నుంచి భర్తకు రాసిన ఉత్తరం ఒకటి మిగిలింది. నౌకర్లకు తిండికి లేదు, ఫలానా వర్తకుణ్ణి ఇంకా అప్పివ్వమని చెప్పండి అని అందులోని గోడు. రాణి అయినా నెలాఖరు నెలాఖరే! తండ్రి పోగానే అయిదేళ్ళ కొడుకు ఓలఫ్‌ను డెన్మార్కు రాజును చేయించి, తానే వ్యవహారం నడిపింది. 1380లో భర్త పోయాడు. 1387లో ఆ ఒక్కగానొక్క కొడుకూ పదహారేళ్ళకే పోయాడు. ఇక ఆ తల్లికి ఏ హక్కూ లేదు, ఆడది రాజ్యం చేయడానికి చట్టం లేదు. అయినా వారం తిరక్కుండా పెద్దలు చేరి ఆమెను ఎన్నుకున్నారు. ఏమని పిలవాలి? దొరసానీ, రాజ్యానికి యజమానీ, సంరక్షకురాలూ అని బిరుదిచ్చారు. ఆ యజమాని అన్న డేనిష్ మాటకు ఇంటి మగవాడనే అర్థం. మనలో కొందరు భర్తను మా యజమాని అంటారు చూడండి, సరిగ్గా అదే. దేశానికి ఇల్లాలూ ఆమే, ఇంటాయనా ఆమే.

స్వీడను రాజు ఆల్బర్టు ఆమెను ఎగతాళి చేస్తూ, సూదులూ కత్తెరలూ నూరుకోమని సానరాయి పంపాడని కథ చెబుతారు. కథ ఎంత నిజమో గాని 1389లో ఆమె సైన్యం ఆ ఆల్బర్టును పట్టి బంధించిన మాట నిజం. 1397లో కాల్మార్‌లో అక్క మనుమడు ఎరిక్‌కు కిరీటం పెట్టించి మూడు దేశాల్నీ ఒక్కటి చేసింది. ఆ కలయిక 1523 దాకా నిలిచింది. యుద్ధాల్లో మానభంగానికి గురైన స్త్రీలకు పరిహారంగా సొమ్ము ఏర్పాటు చేసిందని కూడా తెలుస్తోంది. నాకు మూడు కిరీటాలకన్న ఇదే పెద్దదనిపిస్తుంది. 1412లో ఓడలోనే పోయింది. మొదట వేరే ఊళ్ళో సమాధి చేస్తే, మరుసటేడు రోస్కిల్డె బిషప్పు శవపేటికను తన చర్చికి తెచ్చుకున్నాడు.

ఆ తరవాత అయిదున్నర శతాబ్దాలు మళ్ళీ ఆడదానికి సింహాసనం లేదు. 1953లో ప్రజల ఓటుతో చట్టం మార్చారు, అప్పటి రాజుకు ముగ్గురూ ఆడపిల్లలే మరి. 1972లో గద్దెనెక్కిన పెద్దకూతురు, పాత మార్గరెట్‌ను లెక్కలోకి తీసుకుని, తనను రెండో మార్గరెట్ అనిపించుకుంది. యాభై రెండేళ్ళు ఏలి 2024 జనవరి 14న కొడుక్కి అప్పగించింది. ఇదే చర్చిలో ఆమెకు గాజు సమాధి సిద్ధంగా ఉంది. భర్త మాత్రం, తనకు రాజు బిరుదు ఇవ్వలేదన్న కినుకతో, పక్కన పడుకోనని 2017లో చెప్పేశాడు!

రోస్కిల్డెలో కనిపించని రాణి కోసం హెల్సింగోర్ వెళ్ళాలి. ముప్పావుగంట రైలు. అక్కడి క్రోన్‌బోర్గ్ కోటను హామ్లెట్ కోటగా చూపిస్తారు. నిజమైన కథ అంతకన్న బరువైనది. ఎదురుగా నాలుగు కిలోమీటర్ల దూరంలో స్వీడను. ఆ ఇరుకులోంచి పోయే ఓడలన్నీ 1429 నుంచి 1857 దాకా సుంకం కట్టాల్సిందే. సరుకు విలువ కెప్టెనే చెప్పాలి; తక్కువ చెబితే ఆ ధరకే రాజు కొనేసుకుంటాడు. ఎంత తెలివో చూడండి. ఆ డబ్బుతో లేచిన కోట ఇది.

1766లో ఇంగ్లండు రాజు చెల్లెలు కేరొలిన్ మెటిల్డాను పదిహేనేళ్ళకే ఏడో క్రిస్టియన్‌కు ఇచ్చి పంపారు. అతనికి మతి స్థిమితం లేదు. రాజును చూసుకునే వైద్యుడు స్ట్రూయెన్సే క్రమంగా రాజ్యాన్నే చూసుకోసాగాడు. చిత్రహింస రద్దు చేశాడు, పత్రికలకు స్వేచ్ఛ ఇచ్చాడు, ఏడాదిన్నర తిరక్కుండా వెయ్యికి పైగా ఆజ్ఞలు వేశాడు. రాణి అతనికి దగ్గరయింది. 1772 జనవరి 17 తెల్లవారుజామున, కోటలో నాట్యం ముగిసిన కొద్ది గంటలకే ఇద్దర్నీ పట్టుకున్నారు. ఆరు నెలల పాలబిడ్డతో ఆమెను క్రోన్‌బోర్గ్‌కు తెచ్చి పెట్టారు. వైద్యుణ్ణి ఏప్రిల్‌లో చంపించారు. ఆమెకు విడాకులిచ్చి మే నెల చివర ఓడెక్కించారు. బిడ్డను చేతుల్లోంచి తీసుకున్నారు. నాలుగేళ్ళ కొడుకును ముందే ఉంచేసుకున్నారు. పిల్లల్ని మళ్ళీ చూడలేదు. జర్మనీలోని సెల్లెలో 1775లో జ్వరం వచ్చి పోయింది, 23 ఏళ్ళు. సమాధి అక్కడే. ఆమె ఎక్కిన ఓడ ఆ జలసంధిలోంచే పోయింది. కోట కిటికీలోంచి చూస్తే ఆ నీళ్ళు కనిపిస్తాయి.

చివరి రోజు కోపెన్‌హేగన్‌లోనే. ఆ రాత్రి నాట్యం జరిగిన పాత రాజనాటకశాల ఇప్పుడు మ్యూజియం. రోసెన్‌బోర్గ్‌లో నాలుగో క్రిస్టియన్ కట్టిన విలాసభవనం, కిరీటాలు ఉన్నాయి. ఈ రాజు పంపిన ఓడలకే 1620లో తంజావూరు రఘునాథ నాయకుడు తరంగంబాడిలో చోటిచ్చాడు. తెలుగులో కావ్యాలు రాసిన ఆ రాజు తెలుగు సంతకమున్న బంగారు రేకు లేఖ కోపెన్‌హేగన్ ప్రభుత్వ పత్రాగారంలో భద్రంగా ఉంది. 1845లో పన్నెండున్నర లక్షల రూపాయలకు డేనులు మన దేశంలోని ఆ స్థావరాలను ఇంగ్లీషువాళ్ళకు అమ్ముకున్నారు.

జలకన్యను సాయంత్రానికి వదిలేయండి, బస్సులన్నీ వెళ్ళిపోయాక. 1913లో పెట్టిన బొమ్మ, నాలుగడుగులు మాత్రమే, పెద్దదనుకుని వెళ్ళినవాళ్ళు నిరాశపడతారు. ముఖానికి నమూనా ఒక పేరున్న నర్తకి. ఆవిడ బట్టల్లేకుండా కూర్చోనంటే శిల్పి ఎరిక్సన్ తన భార్య ఎలీనను కూర్చోబెట్టి మిగతా బొమ్మ చేశాడు. చూడటానికి టిక్కెట్టు అక్కర్లేదు, గాలి మాత్రం జోరుగా ఉంటుంది, శాలువా తీసుకెళ్ళండి.