మెట్ల కింద తలుపు

న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో, గోధుమరంగు రాతి ముఖాలున్న పాత బ్రౌన్‌స్టోన్ ఇళ్లలో పెరడుతో కలిసివచ్చే కింది వాటాను అద్దెకివ్వడం ఇవాళ మామూలు సంగతి. ఒక్క కుటుంబానికని కట్టిన ఇళ్లను చెడ్డ రోజుల్లో ముక్కలు చేయగా పుట్టిన ఏర్పాటని దీన్ని చాలామంది అంటారు. ఆ మాట సగమే నిజం. అద్దె తరువాత వచ్చింది కానీ, వాటా మాత్రం 19వ శతాబ్దంలో ఇల్లు కట్టిన నాడే విడిగా ఉంది. 1811లో పొరుగునున్న మన్‌హట్టన్‌కు వీధుల పటం గీసినవారు ఇళ్ల వెనక సందులు వదల్లేదు. స్థలాలు సాధారణంగా 25 అడుగుల వెడల్పు, 100 అడుగుల లోతు. ఇళ్లు గోడకు గోడ ఆనించి కట్టారు. బ్రూక్లిన్ వరస ఇళ్లకూ వెనక దారి అరుదే. అందువల్ల బొగ్గూ కూరగాయలూ లోపలికి రావాలన్నా, బూడిద బయటికి పోవాలన్నా వీధి వైపు నుంచే. అతిథులు వచ్చేదీ అటే. ఈ చిక్కును మెట్లతో విడదీశారు. ఎత్తైన మెట్లు పెద్దమనుషులను నేరుగా పైఅంతస్తు హాల్లోకి తీసుకుపోతాయి. ఆ మెట్ల కిందే ఇంకో తలుపు, రోడ్డుకన్నా కాస్త పల్లంలో. అది తెరిస్తే ముందు భోజనాల గది, వెనక వంటిల్లు, దాని వెనక బట్టలారేసుకునే పెరడు. తన తలుపు, తన పొయ్యి, తన పెరడు ఉన్న అంతస్తు మరో సంసారానికి సిద్ధంగా ఉన్నట్టే కదా.

అది పనివాళ్లను దాచిన చీకటికొట్టు కాదా అని అడగవచ్చు. పనివాళ్లు, వారిలో ఎక్కువమంది ఐర్లండ్ నుంచి వచ్చిన ఆడవాళ్లు, రోజంతా అక్కడే చాకిరీ చేశారు. ఆ చాకిరీని తక్కువ చేసి చెప్పకూడదు. కానీ వాళ్లు పడుకున్నది ఎక్కువగా ఇంటి పైకప్పు కింది గదుల్లో. యజమానులేమో చాలా ఇళ్లలో రోజూ భోజనం చేసింది ఈ కింది అంతస్తులోనే. ముందూ వెనకా కిటికీలున్న అంతస్తు కనుకే అది సాధ్యమైంది. పూర్తిగా నేలలో కూరుకున్న సెల్లార్ దానికింద వేరే ఉంటుంది. న్యూయార్క్ చట్టం కూడా ఈ తేడా పాటిస్తుంది: ఎత్తులో కనీసం సగం వీధి మట్టానికి పైన ఉంటే బేస్‌మెంట్, లేకుంటే సెల్లార్. ఆ ఎత్తు ప్రాణాల సంగతి కూడా. 2021 సెప్టెంబరు 1న ఐడా తుఫాను శేషం కురిపించిన వానకు నగరంలో 13 మంది చనిపోతే, వారిలో 11 మంది నేలమట్టానికి దిగువనున్న ఇళ్లలోనివారు. ఆ మరణాలు ఎక్కువగా నగరంలో మరో భాగమైన క్వీన్స్‌లోని చిన్న ఇళ్లలో జరిగాయి. అద్దెకు దిగేవారు పెరడు అందం కన్నా ముందు చూడవలసింది ఆ ఎత్తునూ, బయటపడే దారినీ.

అసలు బలమైన అభ్యంతరం వేరే ఉంది: ఇళ్లను చీల్చింది నక్షా కాదు, డబ్బు అని. 1930ల మాంద్యం, బ్రూక్లిన్‌లోని అనేక పేటలను అప్పుకు పనికిరానివిగా ఎర్రరంగుతో గుర్తించిన ప్రభుత్వ పటాలు, వాటి వెంట గదికొకరిగా నిండిన అద్దె ఇళ్లు, ఇవన్నీ జరిగినవే. డబ్బు ఒత్తిడి లేనిదే అద్దె పుట్టేది కాదు. అయితే ఆ ఒత్తిడి ఎక్కడ ఎలా చీల్చాలో నక్షా చెప్పింది. పై అంతస్తులను విడివాటాలు చేయాలంటే కొత్త వంటిళ్లు, గొట్టాలు, అడ్డుగోడలు కావాలి. కొన్నిచోట్ల ఎత్తు మెట్లనే పడగొట్టి, కింది తలుపును అందరి ద్వారంగా మార్చారు. అక్కడ కింది వాటా తన ఏకాంతం పోగొట్టుకుంది. మెట్లు మిగిలినచోట పెద్ద మరమ్మతేమీ లేకుండానే అది ఇల్లయింది. 1965లో బ్రూక్లిన్ హైట్స్ నగరపు తొలి చారిత్రక రక్షిత ప్రాంతమైంది. ఆ దశాబ్దంలోనూ తరువాతా పార్క్ స్లోప్ వంటి పేటల్లో శిథిలమైన ఇళ్లు కొన్నవారికి బ్యాంకులు సులువుగా అప్పివ్వలేదు. ఒక వాటా అద్దె వాయిదాలకు ఆసరా అయింది. పెరడు మీద మక్కువతో కొందరు యజమానులు తామే కింద ఉండి పైవాటాలు అద్దెకిచ్చారు. ఎవరు ఎక్కడున్నా ఇల్లు నిలబడింది ఆ విభజన మీదే. ఆ నిలబెట్టడంలో గదుల్లో అద్దెకున్న పేదలు చాలామంది ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. రాతి ముఖాలను కాపాడిన చట్టం వాళ్లను కాపాడలేదు. ఈ ఇళ్ల చరిత్ర రాసేవారు ఆ లెక్కను వదిలేయడానికి వీల్లేదు.