ఒకే ఫైలు, రెండు పేర్లు

సీలేరు మీద డొంకరాయి వద్ద ఆనకట్ట గట్టున నిలిచి, ఇది ఏ నది నీరని అడిగినచో సీలేరని చెప్పుదురు. ఎగువకు పోయి అడిగినచో అదే ప్రవాహమును మాచ్‌ఖండ్ అందురు. అసలు పేరేది, మారుపేరేది అని వాదించుట వ్యర్థము, నీరొక్కటే. దారిలో ‘డొంకరాయి’ అని వ్రాసి బాణము గీసిన పలక సంగతి వేరు. ఆ పలకలో నీరు లేదు, దారి మాత్రమే కలదు. ఈ భేదమే కంప్యూటరు ఫైళ్ల చరిత్రలో హార్డ్ లింకు, సింబాలిక్ లింకు అను రెండు ఏర్పాట్లుగా కనిపించును.

చిత్రమేమన, వీనిలో పలక వంటిదే ముందు పుట్టినది. 1965లో మల్టిక్స్ అను వ్యవస్థకై డేలీ, న్యూమన్ అనువారు రచించిన పథకములో లింకు అనగా మరియొక ఫైలుకు పోవు మార్గమును వ్రాసియుంచిన నమోదు. మల్టిక్స్ పనిలో పాలుగొన్న బెల్ ప్రయోగశాల 1969లో దానినుండి తప్పుకొన్నది. ఆ యేడే అక్కడి కెన్ థాంప్సన్, పీడీపీ-7 అను చిన్న యంత్రముపై యూనిక్స్‌కు నాంది పలికెను. అందులో తొలుత పొడవైన మార్గనామములు లేవు. ఇతరుల డైరెక్టరీలోని ఫైలు కావలెనన్న, దానికి తన వద్ద ఒక లింకు చేసుకొనవలసి యుండెడిది.

ఈ లింకు ఎట్టిది? మన బడిలోని అడ్మిషను రిజిస్టరును తలచుకొనుడు. విద్యార్థి వివరములన్నియు ఒక సంఖ్య క్రింద నుండును. తరగతి పట్టికలోను, ఆటల పట్టికలోను పేరు వేరువేరుగా వ్రాసినను, పక్కన వేసిన అడ్మిషను సంఖ్య ఒక్కటే. యూనిక్స్‌లో ఆ సంఖ్యకు ఐ-నంబరు అని పేరు. డైరెక్టరీలో నుండునది పేరు, సంఖ్య మాత్రమే. ఫైలు డైరెక్టరీలో లేదు. 1974లో రిచీ, థాంప్సన్ ప్రకటించిన వ్యాసములో లింకులన్నియు సమాన హోదా గలవని స్పష్టముగా చెప్పిరి. ఒక పేరు కొట్టివేసినచో లెక్కలో ఒకటి తగ్గును. లెక్క సున్నయై, దానిని ఏ ప్రోగ్రామును తెరచియుంచనప్పుడే ఫైలు పోవును.

కాని ఒక బడి సంఖ్య మరొక బడిలో చెల్లదు గదా! అట్లే ఒక ఫైలు వ్యవస్థలోని సంఖ్య మరొక డిస్కుపైనున్న వ్యవస్థలో పనికిరాదు. డైరెక్టరీలకు ఇట్టి లింకులు విచ్చలవిడిగా వేసినచో వలయము లేర్పడి, లెక్క ఎన్నటికిని సున్న కాకపోవచ్చును. డిస్కులు పెరిగినకొలది ఈ చిక్కు బాధించినది. 1983లో బర్క్లీ విశ్వవిద్యాలయము వారి 4.2 బీఎస్‌డీలో సింబాలిక్ లింకు ప్రవేశించెను. మల్టిక్స్‌నాటి పలక తిరిగి వచ్చినదన్నమాట! ఇందు వలయములున్నను ప్రమాదము లేదు. నేటి లినక్స్ నలుబది పలకలు దాటిన పిమ్మట వెదకుట మాని, తప్పని చెప్పును.

ఉపాధ్యాయులొక సంగతి గమనింపవలెను. మార్కుల పట్టికకు హార్డ్ లింకు వేసి, నకలు భద్రముగా నున్నదని తలచువారు కలరు. అది నకలు కాదు. ఆ ఫైలులోనే మార్కులు చెరిపినచో రెండవ పేరుతో తెరచినను చెరిగియే యుండును.

తరగతిలో దీనిని పరీక్షింపవచ్చును. ఒక ఫైలునకు ‘ఎల్‌ఎన్’ ఆజ్ఞతో హార్డ్ లింకును, ‘ఎల్‌ఎన్ -ఎస్’తో సింబాలిక్ లింకును వేసి, మొదటి పేరు తొలగింపుడు. సింబాలిక్ లింకు ఊరులేని దారియగును. హార్డ్ లింకులో పాత విషయము నిలుచును. ఇప్పుడు ఆ మొదటి పేరుతోనే క్రొత్త ఫైలు వ్రాయుడు. సింబాలిక్ లింకు క్రొత్తదానిని చూపును, హార్డ్ లింకు పాతదానినే పట్టుకొని యుండును.