ఆముదం నిలిచిన చోటు

గురుబరపల్లిలో పెరడు. రాళ్ల పొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి. అవ్వ కాళ్లు బారజాపి పీట మీద కూర్చుంది. ఆ కాళ్ల నడుమ వెల్లకిలా నెలల పాప. నువ్వు చెంబు పట్టుకుని పక్కన నిలబడి ఉన్నావు. నీ అక్క కూతురు కదా, మొదటి నీళ్లు నువ్వే పోస్తానని పంతం పట్టావు. అవ్వ ఆముదం గిన్నె వంచింది. గొంతు దిగువ నుంచి నూనె కడుపు మీదికి జారిపోవాలి. జారలేదు. ఎద నడుమ నిలిచి ఎండకు మెరిసింది.

"ఈ పాపకు ఎదలో బావి ఉండాదే!" అని అవ్వ నవ్వి, రెండు వేళ్లతో ఆ నూనె తీసి పాప నెత్తికి రాసింది.

ఆ తర్వాత ఇంట్లో ఎవరూ కావాలని ఆ నూనె మాట ఎత్తలేదు. ఇరవై మూడేళ్లు.

ఇప్పుడు ఆ పాపే మిషను అక్క ముందర చేతులెత్తి నిలబడి ఉంది. జాకెట్టు కొలత. అక్క టేపు వెనక నుంచి తెచ్చి ముందర కలిపింది. ఆ టేపును నువ్వు చూస్తున్నావు. దానికి గుంత ఉందని తెలియదు. ఈ గట్టు మీంచి ఆ గట్టుకు వంతెనలా సాగి "ముప్పై రెండు" అనేసింది. కుట్టింతర్వాత గుడ్డ మటుకు ఆ వంతెన మీద నిలవదు, నడుమ కూలబడుతుంది.

"కప్పు పెట్టి కుట్టేదా, పాపా?"

"పోయిన తూరి పెడితివి కదక్కా. రెండూ నడుమకు తిరిగి ఒకదాన్నొకటి చూసుకుంటుండాయి."

నవ్వుతూనే చెప్పింది. ఇంటికొచ్చే దారిలో మాత్రం చున్నీ పిన్ను రెండుసార్లు సర్దుకుంది. భుజాలు ముందుకు వంచి నడిచే ఆ నడక సిగ్గు వల్ల వచ్చిందని ఇన్నేళ్లూ అనుకున్నావు. అందులో సగం గుంతను దాచే నేర్పు.

ఆ రాత్రే కృష్ణగిరిలో మద్రాసు బస్సెక్కారు. వాణియంబాడి, ఆంబూరు, వేలూరు చీకట్లోనే దాటిపోయాయి. పిల్ల కిటికీ పక్కన కూర్చుని, పోయిన వారం తీయించిన స్కాను కవరును ఎదకు ఆనించి పట్టుకుని నిద్రపోయింది. షిఫ్టు మార్చుకుని వచ్చింది. ఫ్యాక్టరీలో పొడుగు కోటు వేసుకుని లైనులో నిలబడే పని. కోటు ఉన్నంతసేపూ దిగుల్లేదట, బట్టలు మార్చుకునే గదిలోనే.

తెల్లారేసరికి పాత జైలు రోడ్డు. స్టాన్లీ ఆసుపత్రి. ఉత్తర మద్రాసు ముసలివాళ్లు దీన్ని ఇప్పటికీ గంజితొట్టి ఆసుపత్రి అంటారు. కరువు కాలంలో ఆకలిగొన్నవాళ్లకు గంజి పోసిన సత్రం దగ్గర పుట్టిన ఆసుపత్రి ఇది. 2018 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వం రొమ్ముల ఆపరేషన్లు, అందం కోసం చేయించుకునేవి కూడా, ఇక్కడ ఉచితంగా చేస్తామని ప్రకటించింది. బీదవాళ్లకు మాత్రం ఆ వైద్యం ఎందుకు అందకూడదని అప్పటి ఆరోగ్య మంత్రి విజయభాస్కర్ అడిగారు. ప్రాణాలు కాపాడే వైద్యం వదిలి సర్కారు సొమ్ము సోకులకు పోస్తారా అని మరికొందరు అడిగారు. అందానికీ ఆరోగ్యానికీ నడుమ గీత గీయాలనుకునే వాళ్లు వచ్చి ఈ పిల్ల ఎద మీద గీసి చూపించాలి. గీత గుంతలోనే పడుతుంది.

లోపల తెర. తెర వెనక డాక్టరమ్మ. నిన్నూ రమ్మంది. పిల్ల అడిగింది కాబట్టి వెళ్లి, ముందు గోడకేసి చూస్తూ నిలబడ్డావు.

ఆమె మొదట రొమ్ముల వైపు చూడనే లేదు. మెట్లెక్కితే ఆయాసం వస్తుందా, గుండె దడదడలాడుతుందా అని అడిగింది. చేతులు బారచాపించి పొడవు చూసింది. బొటనవేలు అరచేతిలో మడిచి పిడికిలి బిగించమంది. వేలి కొన అవతలి పక్కకు పొడుచుకొస్తుందేమోనని వంగి చూసింది. రాలేదు. నోరు తెరిపించి అంగిలి చూసింది. ఇంట్లో బాగా పొడుగ్గా, సన్నగా ఉండి చిన్న వయసులోనే గుండెజబ్బుతో పోయినవాళ్లు ఉన్నారా అని నిన్నడిగింది. మార్ఫన్ అనే జబ్బు ఉంటే ఎద ఇట్లా లోపలికి పోవచ్చు, అందుకే ఆ ప్రశ్నలన్నీ.

"దీని పేరు పెక్టస్ ఎక్స్‌కవేటం" అంది తమిళంలో, మధ్యమధ్య తెలుగు కలుపుతూ. పక్కటెముకల్ని రొమ్మెముకకు అతికించే మెత్తటి భాగం ఎక్కువ పెరిగి, ఆ ఎముకను లోపలికి తోస్తుంది. మూడు నాలుగు వందల మంది పిల్లల్లో ఒకరికి ఉంటుంది. మగపిల్లలకే ఎక్కువ. వయసుకు వచ్చేటప్పుడు ఒళ్లు ఒక్కసారిగా సాగుతుంది కదా, గుంత కూడా అప్పుడే లోతవుతుంది. "మీరు చేసిందేమీ లేదు" అని నీ వైపు చూసి అంది. నీకెందుకో గొంతు పట్టేసింది. గ్రహణం మాట, కడుపుతో ఉన్నప్పుడు మోసిన బిందెల మాట ఇంట్లో ఎన్నిసార్లు నడిచిందో ఆమెకెట్లా తెలుసు?

స్కాను తెర మీదికొచ్చింది. అడ్డంగా కోసిన ముంజకాయలా ఎద. ఆమె మౌసుతో రెండు గీతలు లాగింది. ఎద లోపలి వెడల్పు 24 సెంటీమీటర్లు. రొమ్మెముక నుంచి వెన్నెముక దాకా, బాగా ఇరుకైన చోట, 8.

"ఇరవై నాలుగును ఎనిమిదితో భాగించు."

"మూడు" అంది పిల్ల, వెంటనే.

మామూలు ఎదకు రెండున్నర దగ్గర ఉంటుందట. 3.25 దాటితే ఎముకను ఎత్తే ఆపరేషన్ గురించి గట్టిగా ఆలోచిస్తారు. హాలర్ అనే అమెరికా డాక్టరు 1987లో పెట్టిన కొలత ఇది. అదే ఏడు అదే దేశంలో డొనాల్డ్ నస్ అనే మరో డాక్టరు, రొమ్మెముకను కోయకుండా దాని కిందుగా వంచిన లోహపు పట్టీ దూర్చి, తిప్పి, గుంతను పైకి ఎత్తడం మొదలుపెట్టాడు. పట్టీ రెండుమూడేళ్లు లోపలే ఉండాలి. చిన్నపిల్లల ఎముకలు మాట వింటాయి. పెద్దవాళ్లవి మొరాయిస్తాయి, నొప్పీ ఎక్కువే.

"నాకు గుంత కనపడకుంటే చాలు మేడం. సిలికాన్ పెట్టేస్తే పోదా?"

డాక్టరమ్మ సొరుగులోంచి రెండు సిలికాన్ సంచులు తీసింది. ఇప్పుడు మాత్రం నువ్వు కళ్లు తిప్పుకోలేదు. "చేతులు రెండూ పక్కపక్కన పెట్టు. లోపలికి వాలుగా వంచు." పిల్ల రెండు అరచేతులూ లోయలా పట్టుకుంది. ఒక్కో చేతిలో ఒక్కో సంచి. క్షణం ఆగి, రెండూ మెల్లగా నడుమకు జారి ఒకదానికొకటి తగులుకున్నాయి.

పిల్ల నీ వైపు చూసింది. "మిషను అక్క కప్పులు, చిన్నమ్మా!" ఇద్దరికీ నవ్వాగలేదు. డాక్టరమ్మకు మిషను అక్క కథ చెప్పాల్సి వచ్చింది.

చదునైన ఎద మీద నిలిచే సంచి వాలు మీద నిలవదు. పెద్దది పెట్టేకొద్దీ ఇంకా జారుతుంది. రెండూ కలిసిపోయి నడుమ తావు లేకుండా పోవచ్చు. లోతు తక్కువైతే ఆకారం, సైజు చూసి, కాస్త పక్కలకు జరిపి పెట్టి కనుమరుగు చేయొచ్చు. కడుపు దగ్గరి కొవ్వు తీసి గుంతలోకి ఎక్కించొచ్చు. ఫ్రాన్సులో తూలూజ్ డాక్టర్లు స్కానుకు తగ్గట్టు గుంత అచ్చులోనే గట్టి సిలికాన్ దిమ్మ చేయించి కండరం కింద పెడతారు. చాలా లోతున్నవాళ్లకు మాత్రం ముందు ఎముకను ఎత్తి, తర్వాత రొమ్ముల సంగతి చూడడం మేలు. ఎముక లేచాక, లేవనుకున్న రొమ్ములు ఉన్నట్టు తేలుతుంటాయి.

"ఒకటి గుర్తుపెట్టుకో. సంచి పెట్టినా, దిమ్మ పెట్టినా, కొవ్వు ఎక్కించినా బయటి గుంతే నిండుతుంది. లోపల గుండెకు చోటు పెరగదు. అందుకే ముందు గుండెకు ఎకో పరీక్ష."

సంచి జన్మంతా ఉండేది కాదనీ చెప్పింది. చుట్టూ పొర బిగిసి గట్టిపడొచ్చు, చినగొచ్చు, ఎప్పుడో మళ్లీ కోయాల్సి రావొచ్చు. అరుదుగా ఒక రకం క్యాన్సర్ వస్తోందని తేలి, గరుకు పైపొర ఉన్న ఒక రకం సంచుల్ని 2019లో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. బిడ్డకు పాలివ్వడం సంగతి నువ్వు అడిగావు. రొమ్ము కింద మడతలో కోస్తే పాలగొట్టాలకు చాలావరకు ఇబ్బంది ఉండదంది. పిల్ల నీ చెయ్యి గిల్లింది.

ఈ సంచుల పుట్టుక తమాషాగా ఉంటుంది. 1962లో హ్యూస్టన్‌లో టిమ్మీ జీన్ లిండ్సే అనే ఆవిడ రొమ్ముల మీది పచ్చబొట్లు తీయించుకోవడానికి పోయింది. డాక్టర్లు సిలికాన్ పెడతామన్నారు. నా చెవులు వెడల్పు, ముందవి సరిచేయండి అందట. రెండూ చేశారు. ఒంట్లో ఎవరికి ఎక్కడ ముల్లు గుచ్చుకుంటుందో పక్కవాళ్లకేం తెలుస్తుంది!

తిరుగు బస్సులో ఎకో చీటీ దాని చేతిలో ఉంది. ఆపరేషనా, కాదా, ఏదీ తేలలేదు. కృష్ణగిరి దగ్గరపడేకొద్దీ రోడ్డు పక్కన మామిడి తోపులు. చాలాసేపు కిటికీలోంచి చూసి, హఠాత్తుగా ఇటు తిరిగింది.

"చిన్నమ్మా, అవ్వ నూనె పోస్తే నిలిచిందని అమ్మ ఒక తూరి నోరుజారింది. నువ్వు చూసినావా?"

"చూసినా."

"ఎంత నూనె?"

నువ్వు కుడిచెయ్యి చాపి, అరచేతిని చిన్న దొప్పలా వంచి చూపించావు. అది తన చూపుడువేలు ఆ దొప్పలో పెట్టి లోతు చూసుకుంది.

"ఇంతేనా?" అంది.