ప్రమేయ భావన పరిణామం: ప్రదేశం, వ్యాప్తుల చారిత్రక నేపథ్యం

ఉపోద్ఘాతం:
నేటి గణిత పాఠ్యపుస్తకం ప్రమేయాన్ని నిర్వచించేటప్పుడు ముందుగా రెండు సమితులను పేర్కొంటుంది. మొదటిది ప్రదేశం, రెండవది సహప్రదేశం. ప్రదేశంలోని ప్రతి మూలకానికీ సహప్రదేశంలో ఒకే ఒక ప్రతిబింబం ఉండాలి. ఆ ప్రతిబింబాల సమితియే వ్యాప్తి. అయితే అభ్యాసంలో ఒక సూత్రాన్ని ఇచ్చి ప్రదేశాన్ని కనుక్కోమంటారు. ప్రదేశం లేనిదే ప్రమేయం లేనప్పుడు ఈ ప్రశ్న ఎట్లా పొసగుతుంది? దీనికి సమాధానం గణిత చరిత్రలో ఉంది.

సూత్రమే ప్రమేయమైన కాలం:
1718లో యోహాన్ బెర్నూలీ, 1748లో ఆయన శిష్యుడు ఆయిలర్ ప్రమేయాన్ని చలరాశి, స్థిరరాశులతో ఏర్పడినదిగా నిర్వచించారు. ఆ నిర్వచనాలలో ప్రదేశ ప్రసక్తి లేదు. ఈ లోటు ఎటువంటిదో సంవర్గమాన వివాదం తెలుపుతుంది. ఋణసంఖ్యల సంవర్గమానాలు వాస్తవాలని బెర్నూలీ, కావని లైబ్నిజ్ 1712-13 నాటి లేఖలలో వాదించుకొన్నారు. ఋణసంఖ్యకు సంవర్గమానాలు అనంతమనీ, అవన్నీ కల్పిత సంఖ్యలేననీ ఆయిలర్ 1749లో నిరూపించాడు. అంటే విలువలను సంకీర్ణ సంఖ్యలకు విస్తరిస్తేనే ఋణసంఖ్యలకు ప్రదేశంలో చోటు దొరుకుతుంది. అప్పుడైనా అనేక విలువలలో ఒకదానిని ఎంచుకొంటేనే అది నేటి అర్థంలో ప్రమేయం.

సూత్రం నుండి సమితికి:
1822లో ఫోరియర్ ఉష్ణ ప్రసరణపై రచించిన గ్రంథంలో ప్రమేయాలను త్రికోణమితి శ్రేణులుగా విస్తరించాడు. అటువంటి శ్రేణి ఒక అంతరంలో ఇచ్చిన ప్రమేయంతో ఏకీభవించినా, ఆ అంతరం వెలుపల వేరు కావచ్చు. కనుక సమానత్వం ఎక్కడ వర్తిస్తుందో చెప్పక తప్పలేదు. 1829లో డిరిక్లే అకరణీయ సంఖ్యలకు ఒక విలువను, కరణీయ సంఖ్యలకు మరొక విలువను ఇచ్చే ప్రమేయాన్ని ప్రతిపాదించాడు. దాని ప్రదేశం అనంతం; వ్యాప్తిలో ఉన్నవి రెండే మూలకాలు. 1888లో డెడెకిండ్ సూత్రంతో పనిలేకుండా, ఒక సమితిలోని ప్రతి మూలకానికీ నిర్ణీత ప్రతిబింబాన్ని జతచేసే నియమాన్ని నిర్వచించాడు. పాఠ్యపుస్తక నిర్వచనం ఈ మార్గానికి చెందినదే.

ముగింపు:
నిర్వచనం డెడెకిండ్ కాలానిది. అభ్యాసం ఆయిలర్ కాలపు అలవాటు. "ప్రదేశాన్ని కనుక్కోండి" అన్న ప్రశ్నకు అసలు అర్థం, సూత్రం వాస్తవ విలువనిచ్చే వాస్తవ సంఖ్యలన్నింటినీ గుర్తించమని. సంఖ్యను వర్గం చేయడమనే నియమాన్నే తీసుకొందాం. ప్రదేశం వాస్తవ సంఖ్యా సమితి అయితే వ్యాప్తి ఋణేతర వాస్తవ సంఖ్యలు; పూర్ణసంఖ్యలయితే 0, 1, 4, 9 వంటి వర్గసంఖ్యలు మాత్రమే. సూత్రం ఒకటే, ప్రమేయాలు రెండు. ఈ భేదాన్ని బోధకులు ముందుగానే చెబితే, విద్యార్థి ప్రదేశాన్ని లెక్క చివర రాసే షరతుగా కాక ప్రమేయంలో భాగంగా గ్రహిస్తాడు.