ఖాల్ నుంచి తస్వీర్ దాకా: బరఫ్ సమందర్‌లో సీల్ జిందగీ

సీల్ అంటే మన ఇండ్లల్లో ముందు గుర్తొచ్చేది ముహర్. నికానామా మీద ఖాజీ సాబ్ వేసే ముహర్, తహసీల్ ఆఫీసు కాగితం మీద పడే ముహర్. నేను ఇవాళ రాస్తున్నది బరఫ్ కట్టిన సమందర్‌లో బతికే జానవర్ గురించి. ఉర్దూలో దర్యాయీ బఛ్డా అని కూడా అంటారు. తెలుగులో సీల్ అనే అంటున్నాం. మే నెలలో 44 డిగ్రీల ఎండ కాసే మా బోయినపల్లిలో, మానేరు ఒడ్డున, దాని పేరు తెలియాల్సిన జరూరత్ ఎవరికీ రాలేదు. అయినా సీల్ తస్వీరుల తారీఖ్ చదువుతుంటే మన తెలంగాణ తారీఖే గుర్తొచ్చింది. అందుకే మొదలు ఇక్కడి నుంచే పెడతాను.

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ దర్బారులో లాలా దీన్ దయాళ్ అనే ఫోటోగ్రాఫర్ ఉండేవారు. 1894లో నిజాం ఆయనకు ముసవ్విర్ జంగ్ అనే ఖితాబ్ ఇచ్చారు. 1902లో వైస్రాయ్ లార్డ్ కర్జన్ వరంగల్ దగ్గరి నెక్కొండకు పులి షికారుకు వచ్చినప్పుడు దీన్ దయాళ్ స్టూడియో తీసిన తస్వీర్ ఇప్పటికీ మషూర్. కర్జన్, ఆయన బేగం నిలబడి ఉంటారు, ముందు చచ్చిన పులి పడి ఉంటుంది. ఆ జమానాలో అడవి జానవర్ ఫోటో అంటే ఎక్కువగా అదే. షికారు పూర్తయిందనడానికి సబూత్. పులి ఎట్లా బతికింది, పిల్లలను ఎట్లా సాకింది అనే సవాల్ ఆ తస్వీర్‌లో లేదు.

దక్షిణ ధ్రువం వైపు సీల్ తారీఖ్ కూడా చావుతోనే మొదలైంది. 1819లో విలియం స్మిత్ అనే ఇంగ్లీషు నావికుడికి సౌత్ షెట్లాండ్ దీవులు కనిపించాయి. వెంటనే ఇంగ్లాండ్, అమెరికా జహాజులు బారులు తీరాయి. కావాల్సింది ఫర్ సీల్ ఖాల్. ఆ తిజారత్‌లోనే ఉన్న జేమ్స్ వెడెల్ అనే కెప్టెన్ ఒక హిసాబ్ రాసిపెట్టాడు. 1821, 1822 రెండేండ్లలో ఆ దీవుల నుంచి తీసిన సీళ్లు 3,20,000 అని ఆయన అందాజా. తల్లులను చంపితే పాలు లేక పిల్లలు పోయాయి. మూడు నాలుగేండ్లలో తీరం ఖాళీ అయింది. అజబ్ ఏమిటంటే, దక్షిణ ధ్రువం దగ్గర బరఫ్ మీద పిల్లలను కనే ఒక సీల్ జాతికి ఆ షికారీ పేరే పెట్టారు. అదే వెడెల్ సీల్.

కెమెరా అక్కడికి చేరింది చాలా తర్వాత. 1911లో కెప్టెన్ స్కాట్ బృందంతో వెళ్లిన హెర్బర్ట్ పాంటింగ్ గాజు ప్లేట్ల మీద తస్వీరులు తీశాడు. ఫిల్ము కూడా తీశాడు. ఆ చలిలో ఇనుము ముట్టుకుంటే చర్మం అంటుకుపోతుంది. ఒకసారి ఆయన నాలుక కెమెరాకే అంటుకుంది. తిమింగలాల ఫోటో కోసం అంచుకు పోతే కిల్లర్ వేల్స్ కింది నుంచి గుద్ది ఆయన నిలబడ్డ బరఫ్‌నే పగలగొట్టాయి. అయినా ఆయన తల్లి సీల్, పిల్ల సీల్ బతికి ఉండగా కెమెరాకు ఎక్కించాడు.

1915లో షాకిల్టన్ జహాజు ఎండ్యూరెన్స్ బరఫ్‌లో నలిగి మునుగుతుంటే, ఫ్రాంక్ హర్లీ ఆ గడ్డకట్టే నీళ్లలోకి దిగి తన నెగెటివ్‌ల డబ్బాలు బయటికి తీశాడు. అన్నీ మోయలేరు కాబట్టి దాదాపు 120 ఉంచుకుని, 400 దాకా గాజు ప్లేట్లను పగలగొట్టారు. మిగిలినవాటిమీద మళ్లీ దిల్ పోవద్దని. ఆ మనుషులు నెలల తరబడి బతికింది సీల్ గోష్త్ తిని, సీల్ చర్బీతో పొయ్యి వెలిగించుకుని. దాన్ని జుల్మ్ అనలేం, అక్కడ అదే వాళ్ల రోజీ. అయితే తస్వీర్ తీసే చేతికీ, ఛురీ పట్టే చేతికీ మధ్య ఫాసలా ఇంకా ఏర్పడలేదు.

ఆ ఫాసలా తెచ్చింది సబర్‌తో కూడిన ఇల్మ్. సీల్ జిందగీలో ఎక్కువ భాగం బరఫ్ కింద గడుస్తుంది. పైన పడుకున్నప్పుడు తీసిన ఫోటోలో మనకు కనిపించేది దాని ఆరామ్ ఒక్కటే. కింద ఏం చేస్తుంది? 1960లలో జెరాల్డ్ కూయ్‌మన్ అనే అమెరికన్ సైంటిస్టు మెక్‌మర్డో సౌండ్‌లో ఒక తర్కీబ్ చేశాడు. చుట్టుపక్కల వేరే పగులు లేనిచోట బరఫ్‌కు సూరాఖ్ చేసి, వెడెల్ సీల్‌ను అందులోంచి వదిలాడు. శ్వాస కోసం అది మళ్లీ అక్కడికే రావాలి. దాని వీపు మీద వంటింటి టైమర్‌తో చేసిన చిన్న మెషీన్ కట్టాడు. ఎంత లోతు, ఎంతసేపు అనేది ఆ మెషీన్ గీసి చూపించింది. 600 మీటర్ల దాకా దిగుతుందని అట్లా తెలిసింది. గంటకు పైగా నీళ్లలో ఉండగలదని తర్వాత తేలింది.

దీని వెనుక ఖుద్రత్ ఇంతెజామ్ వినండి. మనం మునిగే ముందు గాలి పీల్చుకుంటాం. వెడెల్ సీల్ గాలి వదిలి మునుగుతుంది. ఆక్సిజన్‌ను ఊపిరితిత్తుల్లో కాకుండా ఖూన్‌లో, కండరాల్లో దాచుకుంటుంది. దిల్ వేగం తగ్గించుకుంటుంది. సున్నాకు కింద దాదాపు రెండు డిగ్రీల నీళ్లలో చర్మం కింది మందపు చర్బీ దానికి రజాయి. పిల్ల పుట్టేది బరఫ్ మీదే. తల్లి పాలల్లో సగానికి సగం చర్బీ ఉంటుంది కాబట్టి పిల్ల రోజుకు సుమారు రెండు కిలోలు పెరుగుతుంది.

ఇక మన దేశం సంగతి. హిందుస్తాన్ తొలి అంటార్కిటికా బృందానికి సర్దార్ డాక్టర్ సయ్యద్ జహూర్ ఖాసిం. 1926లో అలహాబాదులో పుట్టి, అలీగఢ్‌లో చదివి, సమందర్ జీవుల మీద పరిశోధన చేసినవారు. 21 మందితో పోలార్ సర్కిల్ అనే నార్వే జహాజు మీద 1981 డిసెంబర్ 6న గోవా నుంచి బయలుదేరి, 1982 జనవరి 9న ఆ బరఫ్ మీద కాలు పెట్టారు. తర్వాత జామియా మిల్లియా వైస్‌చాన్స్‌లర్ కూడా అయ్యారు. మన హైదరాబాద్‌కూ ఇందులో హిస్సా ఉంది. సీసీఎంబీ వాళ్లు అక్కడి మట్టిలో కొత్త బ్యాక్టీరియాలను గుర్తించారు. ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు మైత్రి కేంద్రంలో భూకంపాలను నమోదు చేశారు. డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు హెలికాప్టర్ల నుంచి, జహాజుల నుంచి సీళ్లను లెక్కబెట్టారు. వెడెల్ జమానాలో గిన్తీ అంటే ఖాల్‌ల గిన్తీ. ఇప్పుడది బతికి ఉన్నవాటి గిన్తీ.

కానూన్ కూడా మారింది. అంటార్కిటికా సీళ్ల హిఫాజత్ కోసం 1972లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. 2022లో మన పార్లమెంటు చేసిన అంటార్కిటికా చట్టం ప్రకారం అక్కడి జానవర్‌ను పర్మిట్ లేకుండా ఇబ్బంది పెట్టడం జుర్మ్. మంచి ఫోటోగ్రాఫర్లకు కానూన్ కంటే ముందే ఒక అదబ్ తెలుసు. పడుకున్న సీల్ తలెత్తి నీ వైపు చూసిందంటే నువ్వు మరీ దగ్గరికి పోయినట్టే, వెనక్కి తగ్గాలి. 2006లో పాల్ నిక్లెన్ అనే ఫోటోగ్రాఫర్ నీళ్లలోకి దిగితే, దరిందా అని పేరుబడ్డ లెపర్డ్ సీల్ ఆయన ముందుకు పెంగ్విన్‌లు తెచ్చి పెట్టసాగింది. ఇతనికి వేట రాదనుకున్నదో ఏమో! దూరం నుంచి డర్‌తో చూసినంతకాలం ఆ మేహ్మాన్‌నవాజీ ఎవరి కంటికీ కనిపించలేదు.

ఖురాన్‌లో సూరె అన్‌ఆమ్ 38వ ఆయత్ జంతువులనూ పక్షులనూ ఉమ్మత్‌లుగా చెబుతుంది. ఉమ్మత్ అన్నాక దానికి ఒక జిందగీ, ఒక ఠికానా ఉంటాయి. వెడెల్ సీల్ ఠికానా తీరానికి అంటుకుని గట్టిపడ్డ బరఫ్. సేటిలైట్లు చూడటం మొదలైన 1979 నుంచి లెక్క తీస్తే, 2023 ఫిబ్రవరిలో అంటార్కిటికా సమందర్ బరఫ్ అన్నిటికంటే తక్కువకు పడిపోయింది. ఖాల్ కోసం ఇప్పుడు ఎవరూ పోవడం లేదు, నిజమే. కానీ ప్రసవానికి బరఫ్ లేకపోతే తల్లి ఎక్కడికి పోవాలి? ఈ వేడి మన కరెంటు, మన గాడీలు, మన ఫ్యాక్టరీల పొగ నుంచి వస్తుంది. బోయినపల్లి ఎండా, ఆ బరఫ్ కరగడమూ ఒకే హవాలోని ముచ్చట్లు.

పిల్లలకు సీల్ తస్వీర్ చూపించినప్పుడు ముద్దొచ్చే కళ్ల దగ్గరే ఆగొద్దు, దాని పళ్లు కూడా చూపించండి. చలికాలమంతా వెడెల్ సీల్ శ్వాస తీసుకునే సూరాఖ్ మూసుకుపోకుండా పళ్లతో బరఫ్‌ను గీకుతూనే ఉంటుంది. ఉమర్ పెరిగేకొద్దీ ఆ పళ్లు అరిగిపోతాయి. పళ్లు అరిగితే వేటాడలేదు, సూరాఖ్ తెరిచి ఉంచలేదు. చాలా సీళ్లకు మౌత్ వచ్చేది ఆ దారినే. ఒక్కో శ్వాసకు అది ఎంత మెహనత్ చేస్తుందో ఆ అరిగిన పళ్లలో కనిపిస్తుంది.