ఆకుపచ్చ స్వెటర్: ఒక అవ్వ అప్పగించిన అమానతు

ముహమ్మద్ అసద్ గారి పేరు వినని పాఠకులు మనలో తక్కువ. 1927లో హైదరాబాదు నుండి వెలువడనారంభించిన 'ఇస్లామిక్ కల్చర్' త్రైమాసికానికి పిక్తాల్ గారి తర్వాత 1937లో సంపాదకులైనది ఆయనే. 1900లో ఒక యూదు కుటుంబంలో జన్మించి 1926లో ఇస్లాం స్వీకరించిన ఆ విద్వాంసుని జన్మస్థలం ఆనాటి ఆస్ట్రియా సామ్రాజ్యంలోని లెంబర్గ్ నగరం. పోలండ్ ఏలుబడిలో ల్వూఫ్‌గానూ, నేటి ఉక్రెయిన్‌లో ల్వివ్‌గానూ పిలువబడుతున్నది అదే. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అసద్ గారిని శత్రుదేశీయునిగా ఎంచి బ్రిటిష్ ప్రభుత్వం 1939 నుండి 1945 వరకు మన దేశంలోనే నిర్బంధించింది. ఆ సంవత్సరాలలోనే ఐరోపాలో ఆయన తండ్రి, సోదరి నాజీల దమనకాండకు బలి అయినారు.

ఆయన పుట్టిన ఆ నగరంలోనే జరిగిన మరొక ఉదంతాన్ని ఇక్కడ స్మరించుకోవడం ఉచితం. దానికి సాక్షి ఒక చిన్నపిల్ల తొడుక్కున్న ఆకుపచ్చ ఉన్ని స్వెటర్.

1941 జూన్ 30న జర్మన్ సేనలు ల్వూఫ్‌ను ఆక్రమించాయి. అప్పటికి అక్కడి యూదుల సంఖ్య లక్షకు మించినది. వారిని 'ఘెట్టో' అనే ఇరుకు వాడలో బంధించి, విడతలు విడతలుగా చావుకు పంపినారు. ఆ వాడలో హీగర్ అనే కుటుంబం ఉండేది. ఆ ఇంటి అమ్మాయి క్రిస్టీనాకు స్వెటర్ అల్లి ఇచ్చినది ఆమె అవ్వ. కొన్నాళ్ళకు ఆ అవ్వను నాజీలు పట్టుకుపోయినారు. ఆమె తిరిగి రాలేదు. మనవరాలి ఒంటి మీద మిగిలినది ఆమె చేతి అల్లిక మాత్రమే.

1943 వేసవి ఆరంభంలో ఘెట్టోను పూర్తిగా తుడిచిపెట్టే పని మొదలయింది. అది ముందే ఊహించిన తండ్రి ఇగ్నాసీ, మరికొందరు కలిసి ఒక ఇంటి నేలమాళిగలో నేలను తవ్వి, భూగర్భంలోని మురుగు కాలువలోకి దారి చేసుకున్నారు. లోపల వారికి ఎదురైనవాడు లియోపోల్డ్ సోహా. అతడు కాలువలు శుభ్రపరిచే కూలీ. అంతకు పూర్వం దొంగ. వారిని పట్టించి బహుమతి పొందగల అవకాశం అతనికున్నది. అతడు ఆ పని చేయలేదు. రోజుకింత అని సొమ్ము తీసుకొని, స్టెఫాన్ వ్రుబ్లెవ్‌స్కీ, యెజీ కొవాలోవ్ అనే తోటి పనివారితో కలిసి రొట్టె అందించసాగినాడు.

క్రిస్టీనాకు అప్పుడు ఏడేళ్ళు, తమ్ముడికి నాలుగేళ్ళు. చీకటి, దుర్గంధం, ఎలుకలు, వాన కురిస్తే ఉప్పొంగే నీరు. ఈ స్థితిలో పదునాలుగు నెలలు గడిచాయి. మొదట దిగిన ఇరవై పైచిలుకు మందిలో కొందరు మరణించారు, కొందరు తాళలేక బయటికి పోయి ప్రాణాలు కోల్పోయారు. ఆ చలిలో పిల్లకు వెచ్చదనమిచ్చినది అవ్వ అల్లిన స్వెటరే.

చివరకు సొమ్ము అయిపోయింది. ఈ చరిత్రలో గమనించదగిన ఘట్టమిదే. బేరం ముగిసిన చోట సోహా వెనుదిరగవలసింది. కాని అతడు మానలేదు. దొరికితే తనకూ తన భార్యాబిడ్డలకూ మరణశిక్ష తప్పదని తెలిసి కూడా రొట్టె తెస్తూనే ఉన్నాడు. కూలికి ఒప్పుకున్న పని అమానతుగా మారింది. మనిషి పూర్వజీవితాన్ని చూసి అతని అంతిమ విలువను నిర్ణయించరాదనడానికి ఇంతకంటె నిదర్శనమేమి కావాలి?

1944 జూలై 27న ఎర్రసేన నగరాన్ని విడిపించగా, పదిమంది ప్రాణాలతో వెలుగులోకి వచ్చారు. ఆ వెలుగును పిల్లల కళ్ళు భరించలేకపోయాయి. హీగర్ దంపతులు, వారి పిల్లలిద్దరూ ఆ పదిమందిలోని వారే. 1946లో కుమార్తెను వాహనం క్రింద పడకుండా కాపాడబోయి సోహా కన్నుమూశాడు. యూదులను కాపాడిన అన్యమతస్థులకిచ్చే గౌరవాన్ని జెరూసలేంలోని యాద్ వషెమ్ సంస్థ 1978లో అతనికి ప్రకటించింది. స్వెటర్‌ను క్రిస్టీనా దశాబ్దాల తరబడి భద్రపరచింది. తన అనుభవాలను 2008లో గ్రంథంగా వెలువరించింది. ఆ స్వెటర్ నేడు వాషింగ్టన్‌లో, 1993లో ప్రారంభమైన మారణహోమ స్మారక మ్యూజియంలో ఉన్నది.

చరిత్రకారునికి శాసనం, దస్తావేజు ఎంత ప్రమాణమో ఇటువంటి వస్త్రమూ అంతే ప్రమాణం. హంతకులు పట్టికలు వ్రాసుకున్నారు. వాటిలో మనుషులు అంకెలైనారు. ఒక అవ్వ తన మనవరాలి భుజాల కొలత చూసుకొని అల్లిన కుట్లు మాత్రం అంకెలుగా మారలేదు. పీడితుడు ఏ మతస్థుడైనా అతని పక్షాన సత్యసాక్ష్యం పలకడం మన విధి. మన త్రైమాసికాల చరిత్రలో ఒక భాగమైన అసద్ గారి తండ్రికీ సోదరికీ అటువంటి గుర్తు ఏదైనా మిగిలిందో లేదో మనమెరుగము. ఆ స్వెటర్‌ను తలచుకున్నప్పుడు వారినీ తలచుకుందాం.